గాలి, నెత్తురు, రాయి: పాలమూరు, నల్లగొండ మెట్టల్లో శ్వాసక్రియ

ఊపిరితిత్తులకు సొంత కండ లేదు. ముడుచుకోవడం తప్ప వాటికి మరో పని చేతకాదు. వాటిని సాగదీసి ఉంచేది చుట్టూ ఉన్న ఎదగూడు, కింద గొడుగులా పరుచుకున్న ఉదరవితానం అనే కండరం. తిత్తి అంటే తోలుసంచి. కమ్మరి కొలిమిలో నిప్పు రాజేసేదీ తిత్తే కాబట్టి పోలిక బాగానే కుదిరింది. తిత్తిని తెరిచినప్పుడు లోపలి చోటు పెరిగి, పీడనం తగ్గి, బయటి గాలి తోసుకొస్తుంది. మనిషి ఎదలోనూ అంతే. ఉదరవితానం కిందికి దిగుతుంది, పక్కటెముకల మధ్య కండరాలు ఆ ఎముకలను పైకీ పక్కకీ లేపుతాయి, లోపలి పీడనం బయటి కన్నా కొద్దిగా తగ్గుతుంది. ఆ కొద్దిపాటి తేడాకే అర లీటరు గాలి లోపలికి వస్తుంది. వదిలేటప్పుడు పెద్ద శ్రమ ఉండదు, సాగిన తిత్తి తనంతట తానే ముడుచుకుంటుంది.

నిమిషానికి 12 నుంచి 16 సార్లు జరిగే ఈ పనికి మెడలోని మూడు, నాలుగు, అయిదో నాడుల నుంచి ఆజ్ఞ రావాలి. నల్లగొండ జిల్లాలో కల్లుగీత పెద్ద వృత్తి. తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడికి నడుము విరిగితే కాళ్లు పడిపోతాయి కాని ఊపిరి ఆడుతుంది. ఆ మూడు నాడుల కన్నా పైన మెడలో వెన్నుపాము తెగితే ఊపిరితిత్తులు పూర్తి ఆరోగ్యంగా ఉండగానే శ్వాస నిలిచిపోతుంది. కట్లపాము కాటుతో పోయే ప్రాణమూ ఇలాంటిదే. ఆ విషం నాడికీ కండరానికీ మధ్య మాట తెంపేస్తుంది. రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, చివరికి ఉదరవితానం ఆగుతుంది. వెంటిలేటరు మీద పెట్టి ఆ కొన్ని రోజులు గాలి కొట్టగలిగితే చాలామంది మళ్లీ లేచి కూర్చుంటారు. అంటే అక్కడ పాడైంది తిత్తి కాదు, దాన్ని లాగే చేయి.

ఎదగూటికి ఈ ప్రాంతంలో వచ్చిన ప్రత్యేకమైన చిక్కు ఫ్లోరోసిస్. నల్లగొండ పేరు వైద్య ప్రపంచానికి తెలిసింది ఈ జబ్బుతోనే. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎ.హెచ్. సిద్దిఖీ ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. అంతకు ముందే, 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోని మెట్ట గ్రామాల్లో ఇదే జబ్బును వైద్యులు వర్ణించారు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు బోర్లలోనూ బావుల్లోనూ ఫ్లోరైడు పరిమితికి ఎన్నో రెట్లు ఉండేది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా సహించవచ్చని భారతీయ ప్రమాణం. వంగిన వెన్ను, దొడ్డికాళ్లు పత్రికల్లో ఫొటోలుగా వచ్చాయి. ఫొటోకు అందని సంగతి మరొకటి ఉంది. ముదిరిన ఫ్లోరోసిస్‌లో పక్కటెముకలు వెన్నుపూసకు అతికే కీళ్లు బిగుసుకుంటాయి, కండరాలు, స్నాయువులు ఎముకకు పట్టుకునే చోట్ల సున్నం పేరుకుంటుంది. ఎదగూడు చెక్కపెట్టెలా అవుతుంది. అలాంటి మనిషి పడుకుని ఉండగా చూస్తే ఎద కదలదు, పొట్ట ఒక్కటే లేచి పడుతుంది. గాలి పీల్చే పని మొత్తం ఉదరవితానం మీదే పడిందన్నమాట.

దీని నష్టం లెక్క వేస్తే గాని తెలియదు. పీల్చిన ప్రతి అర లీటరులో దాదాపు 150 మిల్లీలీటర్లు గొట్టాల్లోనే నిలిచిపోతుంది, నెత్తురు దాకా వెళ్లదు. మామూలు మనిషి 500 మిల్లీలీటర్ల చొప్పున 12 సార్లు పీలిస్తే నిమిషానికి 6 లీటర్లు. అందులో పనికొచ్చేది 350 చొప్పున 4.2 లీటర్లు. ఎద బిగిసినవాడు 300 చొప్పున 20 సార్లు పీల్చినా మొత్తం అదే 6 లీటర్లు, పనికొచ్చేది మాత్రం 3 లీటర్లే. పక్కన కూర్చుని చూసేవాళ్లకు అతను ఎక్కువే పీలుస్తున్నట్టు కనిపిస్తుంది.

ఇక పీల్చే గాలి. పొడిగాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, నత్రజని 78 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం. ఎంత ఎత్తుకు పోయినా ఈ వాటాలు మారవు. మారేది మొత్తం పీడనం. పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ వాయుపీడనం 716 మిల్లీమీటర్ల పాదరసానికి కొంచెం అటూ ఇటూ. ముక్కులో, గొంతులో గాలి తడిసి వెచ్చబడేసరికి నీటి ఆవిరి అందులో 47 తీసుకుంటుంది. మిగిలిన 669లో ఆక్సిజన్ వంతు 140. ఊపిరితిత్తి కొసనున్న బుడగల్లోకి, అంటే వాయుగోణుల్లోకి, చేరేసరికి అక్కడ ఎప్పుడూ ఉండే కార్బన్ డయాక్సైడ్ పాలు పోను అది 90కి దిగుతుంది. సముద్రం ఒడ్డున మచిలీపట్నంలో ఇదే లెక్క 100 వస్తుంది. ఈ పది తేడాను పాలమూరు మనిషి ఒళ్లు పట్టించుకోదు, కారణం ముందు తేలుతుంది. ఈ మెట్టల్లో ఆయాసపడేవాళ్ల కష్టానికి గాలిలోని ఆక్సిజన్ తక్కువ కావడం కారణం కాదన్నది ఇక్కడే చెప్పుకోవాలి. ఆక్సిజన్ బయట కావలసినంత ఉంది, దారిలోనే ఎక్కడో ఆగుతోంది.

ఆ దారి వాయునాళంతో మొదలై రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుతూ 23 తరాల దాకా పోతుంది. మొదటి పదహారు తరాలు గాలిని మోసే గొట్టాలు మాత్రమే. ఆ తర్వాత గోడలకు బుడగలు మొలుస్తాయి. అవే వాయుగోణులు. ఒక మనిషిలో వీటి సంఖ్య 30 కోట్లని పాత పుస్తకాలు చెప్పేవి, తర్వాతి కొలతలు 48 కోట్ల దాకా తేల్చాయి. వీటన్నిటినీ విప్పి పరిస్తే 70 చదరపు మీటర్లకు పైమాటే, అంటే ఒక నడితరహా ఇంటి నేలంత. లోపల తడి ఉన్న బుడగకు మూసుకుపోయే గుణం ఉంటుంది. అది మూసుకుపోకుండా కొన్ని ప్రత్యేక కణాలు సబ్బులాంటి కొవ్వు పదార్థాన్ని, సర్ఫాక్టెంట్‌ను, స్రవించి నీటి తలతన్యతను తగ్గిస్తాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఇది చాలినంత ఉండదు. పుట్టిన గంటల్లోనే డొక్కలెగరేస్తూ మూలిగే పసికందు ప్రతి శ్వాసకూ మూసుకుపోయిన బుడగను మొదటి నుంచి ఊదుతూ ఉంటుంది.

వాయుగోణి గోడకు అటు గాలి, ఇటు నెత్తురు. మధ్య పొర మందం మైక్రానులో సగం, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. తలవెంట్రుకలో నూరో వంతు కూడా ఉండదు. గుండె కుడివైపు నుంచి వచ్చే నెత్తురులో ఆక్సిజన్ పీడనం 40, గోణిలో 90 నుంచి 100. ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి వాయువు తనంతట తానే జరుగుతుంది. దాన్నే వ్యాపనం అంటారు. కార్బన్ డయాక్సైడ్ నెత్తురులో 46, గోణిలో 40. ఆరు పాయింట్ల తేడానే అయినా అది తడి పొరల గుండా ఆక్సిజన్ కన్నా దాదాపు ఇరవై రెట్లు సులువుగా దూరుతుంది కనుక అదే సరిపోతుంది. ఒక ఎర్రకణం రక్తకేశనాళికలో గడిపే సమయం ముప్పావు సెకను. అందులో మొదటి పావు సెకనులోనే పీడనాలు సమానమవుతాయి. మిగతా అర సెకను దేహం దాచుకున్న పెట్టుబడి. బస్తా భుజాన వేసుకుని మెట్లెక్కేటప్పుడు నెత్తురు వేగం పెరిగి ఆ సమయం పావు సెకనుకు దిగినా పని జరిగిపోతుంది.

వ్యాపనమనే ఇంత సులభమైన మాట మీద ఒకప్పుడు పెద్ద తగువే నడిచింది. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ బోర్ ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను గ్రంథిలా స్రవిస్తాయని నమ్మాడు. ఆయన దగ్గర పనిచేసిన ఆగస్ట్ క్రో, అతని భార్య మేరీ కలిసి 1910లో వరసగా వ్యాసాలు రాసి, వ్యాపనం ఒక్కటే చాలునని రుజువు చేశారు. గురువు ఓడిపోయాడనుకోనక్కర్లేదు. నెత్తురులో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను తేలిగ్గా వదిలేస్తుందని 1904లో చూపినవాడు ఆయనే. ఆ గుణం ఇప్పటికీ బోర్ ప్రభావం అన్న పేరుతోనే ఉంది.

ఆ సన్నని పొరకు ఈ ప్రాంతంలో పొంచి ఉన్న శత్రువు రాతిపొడి. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల నేల ఎక్కువగా గ్రానైటు, నైసు రాయి. గ్రానైటులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా పలుగు ఉంటుంది. పలుగంటే సిలికా. క్వారీల్లో డ్రిల్లింగు, క్రషర్లు, గాజు, పింగాణీ పరిశ్రమల కోసం షాద్‌నగర్ చుట్టుపక్కల నడిచిన పలుగుపొడి మిల్లులు, వడ్డెరల సుత్తి దెబ్బ, ఎక్కడ రాయి పగిలినా ఆ పొడి లేస్తుంది. ఆనకట్టలకూ సొరంగాలకూ దేశమంతా తిరిగిన పాలమూరు లేబర్ సొంత ఊళ్లోనే కాక పరాయి రాష్ట్రాల్లోనూ దీన్ని పీల్చారు.

దుమ్ము విషయంలో కన్ను మోసం చేస్తుంది. కనురెప్పల మీద, మీసాల మీద తెల్లగా పేరుకునే పొడి అంత ప్రమాదం కాదు. 10 మైక్రాన్ల కన్నా పెద్ద రేణువులు ముక్కులోని వెంట్రుకలకు, గొంతులోని చీమిడికి చిక్కుతాయి. గొట్టాల గోడలకున్న సన్నని కేశాలు ఆ చీమిడిని పైకి తోస్తూ ఉంటాయి, మనిషి దగ్గి తెమడగా ఉమ్మేస్తాడు. 5 మైక్రాన్ల కన్నా చిన్నవి, కంటికి ఆనని రేణువులు, చిట్టచివరి బుడగల దాకా పోతాయి. అక్కడ కాపలా ఉండే భక్షక కణం వాటిని మింగుతుంది. సూక్ష్మజీవి అయితే అరిగిపోయేదే. పలుగురేణువు అరగదు, పైగా మింగిన కణాన్నే చంపుతుంది. చచ్చే కణం వదిలిన రసాయనాలకు చుట్టూ నారపదార్థం పెరుగుతుంది. చచ్చిన కణంలోంచి బయటపడ్డ అదే రేణువును మరో కణం మింగుతుంది. క్రషర్ పని మానేసి ఊరికొచ్చాక కూడా ఈ చుట్టు తిరుగుతూనే ఉంటుంది. ఏళ్లు గడిచేసరికి మైక్రానులో సగమున్న పొర మందమవుతుంది, గోణులు గట్టి ముద్దలవుతాయి. ఇదే సిలికోసిస్.

దీని మొదటి గుర్తు పైన చెప్పిన ముప్పావు సెకను లెక్కలోనే దొరుకుతుంది. పొర మందమైతే పావు సెకనులో జరిగే పనికి అర సెకను, ఇంకా ఎక్కువ పడుతుంది. అరుగు మీద కూర్చున్నప్పుడు మనిషికి ఏమీ తెలియదు, దాచుకున్న సమయం ఆదుకుంటుంది. నాలుగడుగులు గబగబా వేస్తే, బిందె ఎత్తితే, చాలినంత సమయం లేక నెత్తురు పూర్తిగా నిండకుండానే గోణి దాటిపోతుంది. ‘కూసుంటే బాగనే ఉంటది, నడిస్తే ఎగపోస్తది’ అని రోగి చెప్పే మాట ఈ శరీరధర్మానికి సరిగ్గా సరిపోతుంది. అయితే ఆయాసంతో పాటు దగ్గు, బరువు తగ్గడం కనబడేసరికి క్షయ అనుకుని మందులు మొదలుపెట్టడం మామూలు. సిలికా నిండిన ఊపిరితిత్తిలో క్షయ రావడమూ ఎక్కువే కాబట్టి కొందరిలో రెండూ ఉంటాయి. క్షయ మందుకు లొంగుతుంది, గట్టిపడిన గోణి మళ్లీ మెత్తబడదు. రాయి మీద నీళ్లు చల్లుతూ డ్రిల్ చేస్తే దుమ్ము చాలా మటుకు పుట్టిన చోటే అణుగుతుంది. ముఖానికి చుట్టుకునే తువ్వాలు అయిదు మైక్రాన్ల రేణువును ఆపలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించదగ్గది. మర్రిగూడ బావినీళ్లలో కలిసిన ఫ్లోరైడు కూడా ఈ గ్రానైటు నుంచి వచ్చిందే. అదే రాయిలోని ఖనిజాలు నీటిలో కరిగి ఎముకల్లో చేరి ఎదగూడును బిగించాయి, పొడిగా గాలిలో లేచి గోణిని గట్టిపరిచాయి. కృష్ణా నీళ్లు, ఆ తర్వాత 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఎత్తిన మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక మొదటి దారి చాలావరకు మూసుకుంది. ఎముకలో ఇదివరకే చేరిన ఫ్లోరైడు మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. రాతిపొడిది వేరే కథ, క్రషర్ల సంఖ్య హైదరాబాద్ ఇళ్లతో పాటే పెరుగుతూ వచ్చింది.

గోణి దాటిన ఆక్సిజన్‌కు వాహనం కావాలి. నెత్తురు నీటిలో అది నేరుగా కరిగేది 100 మిల్లీలీటర్లకు 0.3 మిల్లీలీటరు మాత్రమే. ఆ లెక్కన మనిషి కూర్చుని ఉండటానికే గుండె నిమిషానికి 80 లీటర్లకు పైగా తోడాలి. తోడేది 5 లీటర్లు. ఈ తేడాను పూడ్చేది హిమోగ్లోబిన్. ఒక్కో అణువులో నాలుగు ఇనుప పరమాణువులు, ఒక్కోదానికి ఒక ఆక్సిజన్ అణువు. ఒక ఎర్రకణంలో ఇలాంటి అణువులు దాదాపు 27 కోట్లు. గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. 100 మిల్లీలీటర్ల నెత్తురులో 15 గ్రాములుంటే 20 మిల్లీలీటర్లు. దేహమంతా తిరిగి వచ్చేసరికి 15 మిల్లీలీటర్లు మిగులుతుంది. అంటే విశ్రాంతిలో ఉన్న మనిషి నాలుగో వంతే వాడుకుంటాడు, నిమిషానికి 250 మిల్లీలీటర్లు.

హిమోగ్లోబిన్ గొప్పదనం ఎక్కించుకోవడంలో కన్నా దించడంలో ఉంది. మొదటి ఆక్సిజన్ అతుక్కోగానే అణువు ఆకారం మారి మిగతా మూడింటికి దారి సులువవుతుంది. ఆ ఆకారాన్ని మాక్స్ పెరుట్జ్ ఎక్స్‌కిరణాలతో ఛేదించి 1962లో నోబెల్ అందుకున్నాడు. ఈ గుణం వల్ల పీడనానికీ నిండుదలకూ మధ్య గీత గీస్తే అది తిన్నగా పోదు, పైన చదునుగా, మధ్యలో నిట్రంగా ఉంటుంది. పైన పీడనం 100 నుంచి 90కి, చివరికి 60కి దిగినా నిండుదల 90 శాతం దగ్గరే ఉంటుంది. మహబూబ్‌నగర్ ఎత్తును ఒళ్లు పట్టించుకోకపోవడానికి కారణం ఇదే. 60 కన్నా కిందికి దిగితే మెట్టు విరిగినట్టు జారుతుంది. కండరాల్లో పీడనం ఆ జారుడు చోటే ఉంటుంది గనుక అక్కడ ఆక్సిజన్ గబగబా దిగిపోతుంది. పనిచేసే కండరంలో వేడి, ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతాయి, మూడూ కలిసి గీతను కుడివైపు జరిపి ఇంకా ఎక్కువ దింపిస్తాయి. ఎవరికి పని ఎక్కువో వారికే గింజలు ఎక్కువ కొలిచే పద్ధతి.

వాహనాలే తక్కువైతే? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది, అయిదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం. హిమోగ్లోబిన్ 8 గ్రాములున్న స్త్రీ నెత్తురు 100 మిల్లీలీటర్లకు 10.7 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మాత్రమే మోస్తుంది. ఆమె ఊపిరితిత్తులు నిండుగా పనిచేస్తాయి, గోణిలో పీడనం సరిగ్గా ఉంటుంది, వేలికి ఆక్సీమీటరు పెడితే 98 చూపిస్తుంది. ఆ పరికరం, జపానులో టకువో అయోయాగి 1974లో రూపొందించిన సూత్రంతో, ఎర్రకాంతినీ పరారుణ కాంతినీ వేలిగుండా పంపి ఉన్న బండ్లలో ఎన్ని నిండాయో చెబుతుంది. అసలు ఎన్ని బండ్లున్నాయో చెప్పదు. 2021 వేసవిలో కొవిడ్ రెండో అల నాడు ఇంటింటికీ చేరిన ఈ పరికరాన్ని నమ్మి, నాట్ల నుంచి వచ్చి గట్టెక్కేసరికి దమ్ము పట్టలేక కూలబడే మనిషికి ‘ఏం కాలేదు’ అని చెప్పడం పొరపాటు. అలాంటి దేహం గుండెను వేగంగా కొట్టించి, ఎర్రకణంలో బిస్‌ఫాస్ఫోగ్లిసరేట్ అనే పదార్థాన్ని పెంచి, ఉన్న ఆక్సిజన్‌లో ఎక్కువ వాటాను దింపుకుని రోజులు నెట్టుకొస్తుంది. కొరత ఇనుముదే కానక్కర్లేదు. ఫోలిక్ ఆమ్లం లోపించినా ఎర్రకణాలు సరిగా తయారుకావు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో 1945లో ఆ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. గర్భిణులకు ఆశా కార్యకర్త ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే.

బండ్లు ఉన్నా వాటిలో వేరే సరుకు ఎక్కడం మరో ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, మిగిలిన ఆక్సిజన్‌ను కూడా దిగనివ్వదు. చలికాలం తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్న గదిలో పుట్టేది ఇదే. ఆక్సీమీటరు దీన్నీ ఆక్సిజనే అనుకుంటుంది. కట్టెల పొయ్యి ముందు గంటలు గడిపే ఆడవాళ్ల నెత్తురులోనూ, బీడీ తాగేవాళ్ల నెత్తురులోనూ ఇది కొంత ఎప్పుడూ ఉంటుంది. నీటి దారిలో వచ్చే చిక్కు నైట్రేటు. ఎరువులు, పేడకుప్పల నుంచి బావుల్లోకి దిగే నైట్రేటు పసిబిడ్డ కడుపులో నైట్రైటుగా మారి హిమోగ్లోబిన్‌లోని ఇనుమును ఆక్సిజన్ పట్టలేని రూపంలోకి తెస్తుంది, బిడ్డ నీలమవుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు పోతపాలు బావినీటితో కలిపితేనే ఈ భయం, తల్లిపాలకు లేదు.

కణం చేరిన ఆక్సిజన్ మైటోకాండ్రియాలో తిండిలోని హైడ్రోజన్‌తో కలిసి నీరవుతుంది, శక్తి మిగులుతుంది. జొన్నరొట్టె తిన్నా వరి అన్నం తిన్నా పిండిపదార్థం కాలినప్పుడు వాడిన ఆక్సిజన్‌కు సమానంగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కొవ్వు కాలితే పదింట ఏడు వంతులే. కలగలుపు తిండి మీద సగటున పదికి ఎనిమిది, నిమిషానికి దాదాపు 200 మిల్లీలీటర్లు. దీని తిరుగుప్రయాణం ఆక్సిజన్ ప్రయాణంలా ఉండదు. కొద్ది భాగం కరిగి పోతుంది, అయిదో వంతుకు పైగా హిమోగ్లోబిన్‌లోని ప్రోటీను భాగానికి అంటుకుంటుంది. మూడింట రెండు వంతులు ఎర్రకణంలోకి దూరి, అక్కడి కార్బోనిక్ ఎన్‌హైడ్రేస్ అనే ఎంజైము చలవతో క్షణంలో నీటితో కలిసి బైకార్బనేటుగా మారి ప్లాస్మాలోకి వస్తుంది. బయటికి వచ్చిన ప్రతి బైకార్బనేటుకు బదులుగా ఒక క్లోరైడు లోపలికి పోతుంది. పుట్టిన ఆమ్లాన్ని, అప్పుడే ఆక్సిజన్ దించిన హిమోగ్లోబిన్ పట్టుకుంటుంది. ఊపిరితిత్తి చేరగానే మొత్తం వెనక్కి నడుస్తుంది. వదిలే గాలిలో 16 శాతం ఆక్సిజన్ ఇంకా ఉంటుంది, నోట్లో నోరు పెట్టి ఊదితే మనిషి బతికేది అందుకే.

ఇవన్నీ ఎంత వేగంగా నడవాలో నిర్ణయించేది మెదడు అడుగున ఉన్న మజ్జాముఖం. మామూలు వేళల్లో అది చూసేది ఆక్సిజన్‌ను కాదు, కార్బన్ డయాక్సైడ్‌ను. అది రెండు మూడు పాయింట్లు పెరిగినా శ్వాస వేగం పెరుగుతుంది. ఆక్సిజన్‌ను చూసేది మెడలో, కరోటిడ్ ధమని చీలే చోట ఉన్న గింజంత అవయవం. ఆక్సిజన్ పీడనం 60కి దిగేదాకా దానికి పెద్దగా చలనం ఉండదు. దీన్ని తేల్చినందుకు కార్నెయ్ హేమాన్స్‌కు 1938 నోబెల్ వచ్చింది. మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కూ ఈ విషయంతో సంబంధం ఉంది. క్లోరోఫాం మత్తులో రోగులు చనిపోయేది ముందు గుండె ఆగి కాదనీ శ్వాస ఆగేననీ హైదరాబాద్ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ వాదించాడు. నిజాం ఖర్చుతో 1888లోనూ 1889లోనూ హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు వందల జంతువుల మీద పరీక్షలు చేసి ఆ వాదనే బలపరిచాయి. 1911లో ఎ.జి. లీవీ క్లోరోఫాం గుండె లయను నేరుగా చెడగొట్టగలదని చూపాడు, కమిషన్ మాట పూర్తిగా నిలవలేదు. మత్తిచ్చేవాడు రోగి శ్వాస మీంచి కన్ను తిప్పకూడదన్న పాఠం మాత్రం నిలిచింది.

ఎత్తులకు పోయినప్పుడు ఈ గింజంత అవయవమే పగ్గాలు పడుతుంది. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ అప్పటి నల్లగొండ జిల్లాలోని భువనగిరి కొండరాతి మీద ఎక్కడం నేర్చి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ల పదకొండు నెలలు. ఆ శిఖరం మీద 1981లో కొలిచిన వాయుపీడనం 253. తడిగాలిలో ఆక్సిజన్ వంతు 43, భువనగిరిలో ఉండేదానిలో మూడో వంతు కూడా కాదు. అక్కడికి చేరే ముందు వారాలపాటు మధ్య ఎత్తుల్లో ఆగడం దేనికంటే, శ్వాస వేగం పెరిగి కార్బన్ డయాక్సైడ్ పోయి నెత్తురు క్షారమైతే మెదడు ఆ వేగాన్ని ఆపబోతుంది. మూత్రపిండాలు బైకార్బనేటును బయటికి పంపి ఆ అడ్డు తీయడానికి రోజులు కావాలి. కొత్త ఎర్రకణాలు పుట్టడానికి వారాలు కావాలి.

కార్బన్ డయాక్సైడ్‌నే చూసే ఈ ఏర్పాటుకు ఒక లోపం ఉంది. కార్బన్ డయాక్సైడ్ పేరుకోకుండా ఆక్సిజన్ ఒక్కటే తగ్గితే మనిషికి ఉక్కిరిబిక్కిరి అనిపించదు, కాస్త మబ్బుగా ఉండి మోకాళ్లు మడుచుకుంటాయి. సొరంగాల్లో గాలిగొట్టాలకు అంత ప్రాధాన్యం అందుకే. నల్లగొండ మెట్టలకు కృష్ణా నీళ్లు తేవడానికి దోమలపెంట దగ్గర తవ్వుతున్న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉండటంతో మధ్యలో గాలికీ మనిషికీ దారి తవ్వలేదు. 2025 ఫిబ్రవరి 22న దాదాపు 14వ కిలోమీటరు దగ్గర కప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పుడు, లోపలికి పోయే రక్షకులకు గాలి కూడా అంత దూరమూ ఒకే నోటి గుండా అందాల్సి వచ్చింది.

ఊళ్లలో దీనికి చిన్న రూపం పాడుబావి. బోర్లు వచ్చాక వాడకం పోయిన బావుల్లో ఆకు అలము కుళ్లి ఆక్సిజన్‌ను తినేస్తుంది, గాలి కన్నా బరువైన కార్బన్ డయాక్సైడ్ అడుగున నిలుస్తుంది. పూడిక తీయడానికి దిగేముందు పెద్దవాళ్లు లాంతరు వెలిగించి తాడుతో దించేవారు. పదిహేను ఇరవై అడుగుల దాకా మంట నిటారుగా ఉంటుంది, ఇంకొంచెం దిగాక పొట్టిదవుతుంది, నీలమవుతుంది, టప్పున ఆరిపోతుంది. ఆక్సిజన్ 16 శాతం దగ్గర మంట నిలవదు. మనిషి ఆ గాలిలో ఇంకా నిలబడగలడు గాని అడుగున అది ఎంత తక్కువ ఉందో లాంతరు చెప్పదు. బావిలోకి దించిన డీజిల్ ఇంజను వదిలిన కార్బన్ మోనాక్సైడ్‌ను అది అసలే పట్టించదు, మంట చక్కగా వెలుగుతుండగానే మనిషి పడిపోతాడు. అతణ్ని తేవడానికి నడుముకు తాడు లేకుండా దిగిన రెండో మనిషి కూడా అదే గాలిని పీలుస్తాడు. తాడుంటే పైనున్నవాళ్లు లాగడానికి చేతిలో రెండు మూడు నిమిషాలుంటాయి.